ఇప్పసారా, ఆబ్కారీ, గంజాయి: ఖమ్మం–భద్రాచలం అడవి అంచున కౌమారం

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం మన్యం మొదలయ్యే గోదావరి ఇరుగట్ల ప్రాంతంలో మత్తు పదార్థాల చరిత్రను పరిశీలించే వారికి ఆధారాలకు కొరత లేదు. కల్లు మీద పన్ను వేసిన వారు, ఆ పన్ను మీద తిరగబడిన వారు, సారా దుకాణాలను వేలం వేసిన వారు, వాటిని మూయించిన వారు, గంజాయి మూటలు పట్టుకున్న వారు ఏదో ఒక దస్త్రంలో తప్పక కనిపిస్తారు. ఆ దస్త్రాల్లో దాదాపు ఎక్కడా కనిపించనిది తాగేవారి వయసు. ప్రభుత్వ దృష్టిలో మత్తు మొదట రాబడి, తరువాత నేరం, ఇటీవలి కాలంలో మాత్రమే ఆరోగ్య సమస్య. ఈ మూడు దశల్లోనూ పది నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య వయసు పిల్లలను ప్రత్యేకంగా లెక్కించిన సందర్భాలు బహు అరుదు.

అయితే మత్తుకు అలవాటు పడే ప్రమాదం పిల్లలందరికీ ఒకేలా ఉండదని వైద్యశాస్త్రం గత కొన్ని దశాబ్దాల్లో నిర్ధారించింది. నిలకడగా ఒక పని మీద మనసు పెట్టలేకపోవడం, వయసుకు మించిన చంచలత్వం, ఆలోచించక ముందే చేసేయడం అనే మూడు లక్షణాలతో చిన్ననాటనే మొదలయ్యే నాడీ వికాస సమస్యను అవధాన లోప–అతిచలన రుగ్మత అంటారు. ఏడీహెచ్‌డీ అన్న పొట్టి పేరుతో అది ఎక్కువగా ప్రచారంలో ఉంది. ఈ సమస్య ఉన్న పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన, ప్రవర్తనా రుగ్మతలు తోడుగా రావడమూ, పొగాకు, మద్యం, గంజాయి అలవాట్లు ముందుగా మొదలై గట్టిగా పట్టుకోవడమూ ఎక్కువ. తనను తాను అదుపు చేసుకునే శక్తి తక్కువైన పిల్లవాడికి చుట్టూ ఉన్న కట్టుబాటే పెద్ద ఆసరా కాబట్టి, ఒక ప్రాంతంలో తాగుడు చుట్టూ ఉన్న కట్టుబాట్లు ఎప్పుడు, ఎలా సడలాయన్న ప్రశ్న ఆ ప్రాంతపు పిల్లల మానసిక ఆరోగ్య చరిత్రలో భాగమవుతుంది. భద్రాచలం మన్యం చరిత్రను ఆ దృష్టితో చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాలన మారిన నేల

గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860 ఒప్పందంతో నిజాం నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చి, కొంతకాలం సిరోంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో, సెంట్రల్ ప్రావిన్సుల పాలనలో ఉన్నాయి. 1874లో అవి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి గట్టున ఉన్న బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు మాత్రం నిజాం రాజ్యంలోనే కొనసాగాయి. 1953లో వరంగల్ నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడగా, 1959లో భద్రాచలం డివిజన్‌ను తూర్పు గోదావరి నుంచి విడదీసి అందులో కలిపారు. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

ఈ మార్పుల ఫలితం ఒకటే. నదికి అటూ ఇటూ ఒకే కోయ కుటుంబాలు, ఒకే ఇప్పచెట్లు, ఒకే పండుగలు ఉండగా, ఏళ్ల తరబడి ఎడమ గట్టున మద్రాసు ఆబ్కారీ చట్టం, కుడి గట్టున హైదరాబాద్ ఆబ్కారీ చట్టం అమలయ్యాయి. ఒక గట్టున అనుమతి ఉన్న పని మరో గట్టున నేరం కాగల పరిస్థితి ఈ ప్రాంతానికి కొత్తది కాదు. నేడు రెండు రాష్ట్రాల పోలీసు, ఎక్సైజ్ శాఖల పరిధుల మధ్య జరిగే గంజాయి రవాణాకూ ఈ సరిహద్దులే అనుకూలమైన చోటు.

కట్టుబాటులో ఉన్న తాగుడు

మన్యంలో మత్తుపానీయాలు ప్రధానంగా మూడు చెట్ల నుంచి వచ్చాయి: తాడి, జీలుగు, ఇప్ప. కొండల మీద నివసించే కొండరెడ్లకు జీలుగు చెట్టు ఆకలి తీర్చే వనరు కూడా; గెల కోసి లొట్టి కట్టి తీసిన నీరా తెల్లవారుజామున తియ్యగా ఉండి, ఎండెక్కే కొద్దీ పులిసి కల్లవుతుంది, చెట్టు నరికినప్పుడు లోపలి దవ్వ పిండిగా మారి కరువు రోజుల్లో అంబలి అవుతుంది. ఆస్ట్రియాలో పుట్టి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద 1945లో ప్రచురించిన గ్రంథంలో ఈ చెట్టు మీద వారి జీవనం ఎంతగా ఆధారపడిందో వివరించాడు. జీలుగు కల్లు దిగే నెలల్లో అది పెద్దలకూ పిల్లలకూ ఆహారంలో భాగం.

ఇప్ప వేరే రకం చెట్టు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలిన పూలను ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారక ముందే అడవికి వెళ్లి ఏరి, ఇంటి ముందు చాపల మీద గలగలలాడే దాకా ఎండబెడతారు. ఎండిన పువ్వు వండుకు తినేందుకూ, సంతలో అమ్మేందుకూ, సారా కాచేందుకూ పనికొస్తుంది. సారాకైతే పువ్వును నీళ్లలో నానబోసి నాలుగైదు రోజులు పులియనిచ్చి, ఆ కుండను పొయ్యి మీద పెట్టి, మీద మరో పాత్ర బోర్లించి, సందులు మట్టితో మెత్తి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చన్నీళ్లలో ఉంచిన కుండలోకి దింపుతారు. మొదట దిగేది ఘాటైనది, చివర దిగేది పలచనిది. ఒక విడత సారాకు పూల సేకరణ, ఎండబెట్టడం, కట్టెలు, నీళ్లు, రోజుల తరబడి కాపలా కావాలి కాబట్టి, దాని పరిమాణానికి ఆ శ్రమే హద్దు గీసేది.

ఈ శ్రమకు తోడు ఆచారం మరికొన్ని హద్దులు పెట్టింది. కోయ భాషలో పండుగను పండుం అంటారు; విత్తనాల పండుం, కొత్తల పండుం, ఇప్పపూల పండుం వంటి సందర్భాల్లో కొత్త పంటనైనా, కొత్త పువ్వునైనా ముందు దేవతలకు, పెద్దలకు సమర్పించకుండా ముట్టకూడదన్న నియమం ఉంది. సారా మొదటి చుక్కలు నేల మీద పడ్డాకే ఊరి పెద్ద, పూజారి, తరువాత మిగిలిన వారు వరుసగా ఆకు దొప్పలో అందుకుంటారు. పెళ్లి, చావు, తగవు తీర్పు, పండుగ అన్న సందర్భాలు, గుంపుగా కూర్చుని తాగడం, పెద్దల ఎదుట తాగడం అన్న పద్ధతులు కలిసి ఎప్పుడు, ఎవరితో, ఎంత అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ముందే నిర్ణయించేవి.

ఈ కట్టుబాటును మరీ ఆదర్శంగా చూపడం సరికాదు. అది పిల్లలను మత్తుకు దూరంగా ఉంచాలన్న ఉద్దేశంతో పుట్టినది కాదు. పండుగనాడు చిన్న దొప్పలో పిల్లలకూ పోసే అలవాటు ఉంది, లేత వయసు మెదడుపై మద్యం ప్రభావం గురించి ఆనాడు ఎవరికీ తెలియదు. అయినా, కావాలనిపించిన క్షణంలో దొరకకపోవడం, ఒంటరిగా తాగే వీలు లేకపోవడం, తాగిన వారిని చూసే కళ్లు ఎప్పుడూ ఉండడం అన్నవి ఆ వ్యవస్థలో సహజంగా ఉండేవి. దుడుకు స్వభావం ఉన్న కుర్రవాడికి ఇవి, ఎవరూ అనుకోకుండానే, రక్షణగా పనిచేశాయి.

ఆబ్కారీ, తిరుగుబాటు, రాబడి

ఈ వ్యవస్థను మొదట కదిలించింది ఆబ్కారీ. మత్తు పదార్థాల తయారీ, అమ్మకాలపై సర్కారు విధించే సుంకాన్నీ దాన్ని వసూలు చేసే విధానాన్నీ కలిపి ఆ పేరుతో పిలుస్తారు. గోదావరి జిల్లా మన్యంలోని రంప ప్రాంతంలో మన్సబుదారు, అంటే ఆ ప్రాంతపు జమీందారు, కల్లు మీద చిగురుపన్ను పేరుతో వసూళ్లు చేస్తుండగా, 1870లలో ప్రభుత్వం కల్లు గీత హక్కులను మైదానం నుంచి వచ్చిన గుత్తేదారులకు కట్టబెట్టి, ఇంటి వాడకానికి కూడా ఉచితంగా గీసుకోకుండా ఆంక్షలు పెట్టింది. పోలీసుల జులుం, వడ్డీ వ్యాపారుల దావాలు దీనికి తోడై 1879 మార్చిలో తిరుగుబాటు రగిలి, అంబుల్ రెడ్డి వంటి నాయకుల ద్వారా భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపు పాకింది. అక్కడ సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసుకు మారాక పోడు మీద పెరిగిన పన్నులు, అడవిలో పెట్టిన నిషేధాలు అసలు కారణాలయ్యాయి. తిరుగుబాటును అణచిన తరువాత మన్సబును తొలగించి ప్రభుత్వం అతడి కింద ఊళ్ల సముదాయాలను ఏలిన ముఠాదారులతో నేరుగా ఏర్పాట్లు చేసుకుంది.

తెలుగు నేల మీద కల్లు పన్ను ప్రధాన కారణాల్లో ఒకటిగా సాయుధ తిరుగుబాటు జరిగిందంటే, ఆ చెట్టు మీద హక్కు కొండవాళ్లకు తిండి మీద హక్కుతో సమానమని అర్థమవుతుంది. అయినా ఆబ్కారీ వెనక్కి తగ్గలేదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం, ఫసలీ 1316లో, అంటే ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చాయి. వీటి కింద తయారీ హక్కు సర్కారుది, అమ్మే హక్కు పాటలో గెలిచిన గుత్తేదారుది అయింది. గిట్టుబాటు కావాలంటే అతడికి అమ్మకం ఏడాది పొడవునా సాగాలి. పండుగ కోసం ఎదురుచూడనవసరం లేని సరుకుగా సారా మారడానికి ఇదే మలుపు.

మన్యంలో మరో మత్తు కూడా ఉండేది. అడవి జ్వరానికి విరుగుడన్న నమ్మకంతో గోదావరి ఏజెన్సీలో నల్లమందు వాడకం ఎక్కువగా ఉండేదని బ్రిటిష్ కాలపు రికార్డులు చెబుతాయి. 1893–95 మధ్య పనిచేసిన రాయల్ కమిషన్ నల్లమందుకూ మలేరియాకూ ముడిపెట్టిన ఇలాంటి నమ్మకాలను చర్చించగా, 1893–94లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ గంజాయి, భంగు, చరస్‌ల వాడకంపై సాక్ష్యాలు సేకరించింది. రెండింటిలోనూ పన్ను పెంచాలా, తగ్గించాలా, నిషేధిస్తే ఏమవుతుందన్న ప్రశ్నలకు పెద్ద చోటు దక్కింది. మరోవైపు 1920ల మొదట్లో అల్లూరి సీతారామరాజు మన్యం ప్రజలను తాగుడు మానమని, తగవులను తమ పంచాయతీల్లోనే తీర్చుకోమని బోధించాడు. సారా దుకాణం మన్యానికి బయటి పెత్తనపు గుర్తుగా మారిందనడానికి ఆ బోధ ఒక సాక్ష్యం.

కూలి, సంత, ప్యాకెట్టు

1880ల చివర ఇల్లెందులో బొగ్గు తవ్వకాలు మొదలై తరువాత కొత్తగూడెం వైపు విస్తరించడం, పాల్వంచలో విద్యుత్ కేంద్రం, 1970ల చివర సారపాకలో కాగితం మిల్లు రావడం అడవి అంచున రోజు కూలినీ, దానితో పాటు చేతిలో నగదునూ తెచ్చాయి. నగదు వచ్చిన రోజే సంత, సంత రోజే సారా అన్న లెక్క స్థిరపడింది. ఎండాకాలంలో తునికాకు కోతకు కుటుంబమంతా కదిలే ఈ ప్రాంతంలో, యాభై ఆకుల కట్టలు కట్టడానికి పిల్లల చేతులూ సాయపడతాయి. ఆ కల్లాల దగ్గరే బీడీ, చుట్ట అలవాటు మొదలవడం అరుదు కాదు.

సారా దుకాణాల వేలం 1968 ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం కింద రాష్ట్రమంతటికీ ఒకే తీరుగా కొనసాగింది. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను సీసాల్లో, ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేయడంతో పొయ్యి, కుండ, గుంపు, పెద్దలు ఏవీ అక్కర్లేకుండా జేబులో పట్టే మత్తు ఊరూరా చేరింది. గిరిజన ప్రాంతాల్లో మద్యం వాణిజ్య అమ్మకాలను ఆపి, సొంత వాడకానికి సంప్రదాయ పానీయాల తయారీని అనుమతించాలని 1975లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చినా, ఖజానా అవసరం ముందు అవి బలహీనపడ్డాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు మొదలుపెట్టి 1992లో రాష్ట్రమంతా వ్యాపించిన ఉద్యమంతో 1993 అక్టోబరు నుంచి సారా, 1995 జనవరి నుంచి మద్యం పూర్తిగా నిషిద్ధమయ్యాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. ప్యాకెట్టు సారా పోయిన చోటికి నల్లబెల్లం, పటికతో కాచే గుడుంబా, ఊరూరా బెల్టు షాపులు వచ్చాయి. ఇరవై ఒక్క ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మరాదన్న నియమం లైసెన్సు దుకాణానికి వర్తిస్తుంది గాని, కిరాణా కొట్టు వెనక గదిలో నడిచే బెల్టు షాపులో వయసు అడిగేవారుండరు.

చంచల బాల్యానికి దొరికిన పేరు

మన్యంలో ఈ మార్పులు జరుగుతున్న కాలంలోనూ, అంతకు ముందూ ఐరోపా, అమెరికాల్లో వైద్యులు మనసు నిలకడ లేకపోవడం గురించి, నిలకడలేని పిల్లల గురించి రాశారు. 1798లో స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ మనసు ఒకచోట నిలవని స్థితిని వర్ణించగా, 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ తెలివితేటల్లో లోపం లేకున్నా తమను తాము అదుపు చేసుకోలేని 43 మంది పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకాలనే తరగతికి చెందిన మందుతో కొందరు పిల్లల చదువు, ప్రవర్తన మెరుగుపడడం గమనించాడు. 1944లో రూపొందిన మిథైల్‌ఫెనిడేట్ తరువాతి కాలంలో ప్రధాన ఔషధమైంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలో ఈ స్థితి 1968లో అతిచలనంగా, 1980లో అవధాన లోపంగా, 1987లో నేటి పేరుతో నమోదైంది. 2013 నాటి సవరణ లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలని, ఇల్లు, బడి వంటి ఒకటికి మించిన చోట్ల కనిపించాలని నిర్దేశించింది.

మత్తుతో దీని సంబంధానికి పలు దారులున్నాయి. ఆలస్యంగా వచ్చే పెద్ద ఫలితం కంటే వెంటనే దొరికే చిన్న సుఖం వైపు మొగ్గడం, కొత్తదాన్ని చూడగానే ప్రయత్నించడం ఈ పిల్లల స్వభావంలో ఎక్కువ. బడిలో పదేపదే చివాట్లు తిన్నవాడు తనలాంటి వారి గుంపులో చేరతాడు, ఆ గుంపులో పొగాకు ముందుగా దొరుకుతుంది. లోపలి అలజడిని అణచుకోవడానికే కొందరు మత్తును ఆశ్రయిస్తారన్న స్వీయ చికిత్స సిద్ధాంతాన్ని 1985లో ఎడ్వర్డ్ ఖాంట్జియన్ ప్రతిపాదించాడు. కుంగుబాటు, ఆందోళన, మాట వినకపోవడం, హింసాత్మక ప్రవర్తన తోడైనప్పుడు ప్రమాదం మరింత పెరుగుతుంది. గంజాయి కూడా స్వయంగా ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది కాబట్టి, పదహారేళ్ల వయసులో కనిపించే పరధ్యానం చిన్ననాటి నుంచి ఉన్నదా, మత్తు వల్ల వచ్చినదా అని తేల్చాలంటే పన్నెండేళ్ల లోపు చరిత్ర తెలిసిన తల్లిదండ్రులనో, ఉపాధ్యాయులనో అడగక తప్పదు.

ఆశ్రమ పాఠశాల గదిలో

ఆ చరిత్ర చెప్పగలిగిన చోటు మన్యంలో ఆశ్రమ పాఠశాల. కుటుంబం అడవిలోనో, పోడులోనో, కూలికి వెళ్లిన చోటనో ఉండగా, పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఈ బడుల్లో లేవడం, ప్రార్థన, తరగతి, భోజనం, సాయంత్రం చదువు అన్నీ గంట మోతతో సాగుతాయి. గంటల తరబడి కూర్చుని వినమనే ఈ క్రమంలో చంచలమైన పిల్లవాడు తొందరగా బయటపడతాడు: పుస్తకం మరిచిపోయేవాడు, వరుసలో నిలబడలేనివాడు, పిలవకముందే జవాబు చెప్పేవాడు, గోడ దూకి ఇంటికి పారిపోయేవాడు. హాజరు పట్టీ మాత్రం అతడిని ఒక్క మాటలో, బడి మానేసినవాడిగా నమోదు చేస్తుంది.

ఇక్కడ రోగనిర్ధారణకు ఈ ప్రాంతానికే చెందిన చిక్కులున్నాయి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లవాడు మొదటి తరగతిలో తెలుగు పాఠం వింటూ కిటికీలోంచి బయటకు చూస్తుంటే, అది అవధాన లోపం కావాల్సిన పనిలేదు. అర్థం కాని మాట వింటే ఎవరి మనసైనా తప్పుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో కోయ సహా ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టడానికి ఈ అవగాహనే ఆధారం. రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి, వినికిడి లోపం కూడా పిల్లలను మందకొడిగానో, పరధ్యానంగానో చూపించగలవు. మెదడుకు ఎక్కిన మలేరియా నుంచి కోలుకున్న కొందరు పిల్లల్లో ఏకాగ్రత లోపాలు మిగిలిపోతాయని ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి.

వీటికి మించినది భయం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం అనే సాయుధ దళాల కదలిక మొదలయ్యాక దంతెవాడ, సుక్మా ప్రాంతాల నుంచి పారిపోయి వచ్చిన, స్థానికులు గుత్తికోయలని పిలిచే కుటుంబాలు ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. ఊరు కాలడం చూసిన పిల్లవాడు చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, తరగతిలో మనసు నిలవకపోవడం, ఉన్నట్టుండి కోపగించుకోవడం అనే లక్షణాలు పైకి అతిచలన రుగ్మతలాగే కనిపించినా, దాని మూలం వేరు, చికిత్స వేరు. పోలవరం కింద ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాల పిల్లల్లోనూ స్థానభ్రంశం ఇలాంటి కలతకు కారణం కాగలదు. అందువల్ల భద్రాచలం మన్యంలో ఒక ప్రశ్నావళి నింపి పేరు పెట్టేసే పద్ధతి పనికిరాదు. భాష, జ్వరం, రక్తం, భయం ఒక్కొక్కటిగా తీసివేశాక మిగిలినదే రుగ్మత.

గంజాయి దారి

1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన తెరవడంతో నదికి ఎడమ గట్టు అడవి ఖమ్మం మీదుగా హైదరాబాద్‌కు రోడ్డు మార్గంలో కలిసింది. యాత్రికులను, కలపను, కాగితాన్ని మోసిన ఆ రోడ్డే తరువాత గంజాయికీ దారైంది. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం గంజాయి సాగును, రవాణాను కఠిన నేరం చేసినా, విశాఖ మన్యంలోనూ ఒడిశాలోని మల్కన్‌గిరి కొండల్లోనూ బయటి పెట్టుబడితో సాగు పెరిగింది. శీలావతి అన్న పేరున్న రకానికి దూర ప్రాంతాల్లో గిరాకీ ఉండడంతో, చింతూరు, కూనవరం మీదుగా భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం చేరే మార్గం తనిఖీ కేంద్రాల వార్తల్లో తరచూ వినిపిస్తోంది.

సరుకు పోయే దారిలో కొంత చిందడం ఎక్కడైనా జరిగేదే. మూట దాటించిన వారికి కూలితో పాటు కొంత సరుకు కూడా దక్కినప్పుడు అది దారి పొడవునా పట్టణాల్లో చిన్న పొట్లాలుగా అమ్ముడవుతుంది. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణంగా లెక్కించే చట్టం కింద శిక్ష పదేళ్ల నుంచి మొదలవుతుంది గనుక, అసలు వ్యాపారులు వెనక ఉండి, అడవి దారులు తెలిసిన యువకులను ముందు పెడతారు. పద్దెనిమిదేళ్లు నిండని వారిని మత్తు పదార్థాల రవాణాకు, అమ్మకానికి వాడితే 2015 బాల న్యాయ చట్టం ఏడేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినా అంతే శిక్ష. ఆలోచించక ముందే ఒప్పుకునే కుర్రవాడు ఈ వ్యాపారానికి అనువైన మనిషి కావడం, అదే స్వభావం అతడిని పట్టుబడేలా చేయడం ఈ వ్యవహారంలోని క్రూరమైన తర్కం.

అదే 1985 చట్టపు షెడ్యూలులో మిథైల్‌ఫెనిడేట్ కూడా ఉంది. దుర్వినియోగం జరగకుండా పెట్టిన ఆ నియంత్రణ అవసరమైనదే గాని, దాని ఫలితంగా ఆ మందు పెద్ద నగరాల్లో కొన్ని చోట్ల తప్ప సులభంగా దొరకదు. అడవి అంచు పట్టణంలో గంజాయి పొట్లం దొరికినంత తేలిగ్గా, వైద్యుడి పర్యవేక్షణలో వాడాల్సిన మందు దొరకని స్థితి ఏర్పడింది. చిన్నతనంలో వైద్యుల ఆధ్వర్యంలో ఈ మందులు వాడడం తరువాతి మత్తు అలవాటును పెంచదని పరిశోధనలు సూచించాయి. మందుతో పాటు తల్లిదండ్రులకు శిక్షణ, తరగతిలో చిన్న చిన్న పనులుగా విడగొట్టిన పాఠం, వెంటనే ఇచ్చే మెప్పు చికిత్సలో భాగాలు. మత్తు అలవాటు అప్పటికే ఉంటే రెండింటికీ కలిపి చికిత్స చేయాలి.

లెక్కలోకి రాని వయసు

బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు పిల్లల్లో మత్తు వాడకంపై జాతీయ సర్వే జరపమని ఆదేశించింది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం మద్యం, 2.8 శాతం గంజాయి ఉత్పత్తులు వాడుతున్నారని, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం పీల్చే మత్తు పదార్థాలు వాడుతున్నారని, ఇది పెద్దల్లో కంటే ఎక్కువని తేల్చింది. నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు చెప్పింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఉంది గాని, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు రెండూ లేవు. అంటే కోయల నేలలో గోదావరి పక్క ఆ లెక్కకు అందలేదు.

ఏర్పాట్లు మాత్రం కాగితం మీద తక్కువేమీ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించాల్సిన సమస్యల జాబితాలో అవధాన లోప రుగ్మత పేరు ఉంది, 2014 నాటి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో మానసిక ఆరోగ్యం, మత్తు దుర్వినియోగం ఉన్నాయి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ పనిచేస్తోంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు 2011లో వెలువడ్డాయి.

చరిత్ర ఈ ఏర్పాట్లకు ఒక వరుసను సూచిస్తుంది. పండుం నాటి దొప్పను, బెల్టు షాపు సీసాను, గంజాయి పొట్లాన్ని ఒకే గాటన కట్టి అణచాలని చూసిన ప్రతిసారీ కోయ ఊరు ప్రభుత్వానికి దూరమై, వ్యాపారి దగ్గరయ్యాడు. 1879 నుంచి 1997 వరకు అనుభవం ఇదే. ఎప్పుడు, ఎవరితో, ఎంత అన్న హద్దులను మళ్లీ గీయగలిగే అధికారం ఇవాళ చట్టబద్ధంగా గ్రామసభకే ఉంది. ఆ హద్దులకు ఏ వయసు దాకా అన్న నాలుగో ప్రశ్నను చేర్చడం, ఆశ్రమ పాఠశాలలో మొదటి రెండు తరగతుల్లోనే చంచలమైన పిల్లవాడిని కోయ భాష తెలిసిన వారి చేత పరీక్షింపజేయడం అన్న రెండు పనులూ కలిసి నడవాలి. మొదటి పని లేకుండా రెండోది చేస్తే గుర్తించిన పిల్లవాడు సాయంత్రానికి అదే బెల్టు షాపు ముందుంటాడు. రెండో పని లేకుండా మొదటిది చేస్తే, అతడి పేరు హాజరు పట్టీలో బడి మానేసినవాడిగానో, కొన్నేళ్లకు పోలీసు రికార్డులో నిందితుడిగానో నమోదవుతుంది గాని, చికిత్స అందాల్సిన వాడిగా నమోదు కాదు.